ఫలించని ప్రయత్నం: బడిలో వెనుకబడే పిల్లల నిరుత్సాహానికి మూలాలు

చదువులో వెనుకబడడం, చదువు మీద ఆశ వదులుకోవడం అనేవి రెండు వేర్వేరు స్థితులు. మొదటిది నేర్చుకున్నదానికీ నేర్చుకోవలసినదానికీ మధ్య ఉన్న దూరం. రెండవది ఆ దూరాన్ని తాను ఎన్నటికీ దాటలేనన్న నమ్మకం. మొదటిదాన్ని ప్రశ్నపత్రంతో కొలవవచ్చు. రెండవది పిల్లవాడు కూర్చున్న తీరులో, పలక మీద బలపం కదిలే తీరులో, హాజరు పిలిచినప్పుడు తలెత్తే తీరులో తప్ప మరెక్కడా కనిపించదు. తెలుగు బడులలో ఈ రెండింటినీ కలగలిపి ఒకే మాటతో పిలిచే అలవాటు చాలాకాలంగా ఉంది: పాతతరం ‘మొద్దు’ అన్నది, ఈ తరం ‘డల్ స్టూడెంట్’ అంటున్నది. మాట మారినా అందులోని తీర్పు మారలేదు. లోపం పిల్లవాడి బుర్రలో ఉందనీ, బడి చేయగలిగింది పెద్దగా లేదనీ ఆ తీర్పు సారాంశం. ఉపాధ్యాయవృత్తిలో జీవితం గడిపినవారి స్మృతిలో ఏర్పాటయ్యే ఇటువంటి ఉపన్యాసానికి ఈ తీర్పును తిరిగి విచారణకు పెట్టడం తగిన పనే. ఈ విచారణలో నిలబెట్టదలచిన వాదం ఒక్కటే: బడిపిల్లల నిరుత్సాహంలో ఎక్కువభాగం పిల్లవాడు తన అనుభవం నుంచి తర్కబద్ధంగా తీసుకున్న నిర్ణయం; ఆ అనుభవాన్ని మార్చకుండా నిర్ణయాన్ని మాత్రం మార్చబోయే ప్రయత్నాలు, అవి బుజ్జగింపులైనా బెదిరింపులైనా, నిలవవు.

మనస్తత్వశాస్త్రం ఈ స్థితికి పెట్టిన పేరు ‘అభ్యసిత నిస్సహాయత’. అంటే, తాను చేసే పనికీ వచ్చే ఫలితానికీ సంబంధం లేదని అనుభవం మీద గ్రహించిన ప్రాణి, ఆ తరువాత ఫలితం తన చేతిలోనే ఉన్న సందర్భంలో కూడా ప్రయత్నం మానుకోవడం. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ జరిపిన ప్రయోగాలలో, తప్పించుకునే వీలులేని విద్యుదాఘాతాలకు గురైన కుక్కలలో చాలాభాగం, తరువాత చిన్న అడ్డుగోడ దూకితే చాలు తప్పించుకోగలిగిన చోట సైతం కదలకుండా పడి ఉన్నాయి. ఆ ప్రయోగాల తీరు చూసి ఇవాళ్టి పాఠకునికి కలిగే జుగుప్స న్యాయమైనదే. అయితే దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, అదే ఇద్దరు పరిశోధకులు మెదడు పనితీరు గురించి వచ్చిన కొత్త ఆధారాల వెలుగులో తమ సిద్ధాంతాన్ని తామే తలకిందులు చేశారు. దీర్ఘకాలం బాధ ఎదురైతే ముడుచుకుపోవడం ప్రాణికి పుట్టుకతో వచ్చిన స్పందననీ, దాన్ని ఎవరూ నేర్వనక్కరలేదనీ, నేర్వవలసింది ‘ఇది నా అదుపులో ఉంది’ అన్న ఎరుకనేననీ వారు తేల్చారు. బడికి సంబంధించినంతవరకు ఈ సవరణ మూలసిద్ధాంతం కంటే విలువైనది. ధైర్యం పిల్లలందరిలో మొదటినుంచీ ఉండి కొందరిలో మాత్రం అణగారిపోతుందన్న ఊహ దీనివల్ల వీగిపోతుంది. ధైర్యమూ అక్షరాల లాగానే ఒకరు దగ్గర కూర్చుని నేర్పవలసిన విషయమవుతుంది.

అది నేర్పగలిగేదేనని 1975లో కారల్ డ్వెక్ చేసిన చిన్న అధ్యయనం సూచించింది. తప్పు రాగానే చేతులెత్తేసే స్వభావం బాగా ముదిరిన 8 నుంచి 13 ఏళ్ల పిల్లలను 12 మందిని ఎంచుకుని, వారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎప్పుడూ గెలుపే దక్కేటట్లు సులువైన లెక్కలు ఇచ్చారు. రెండవ జట్టుకు నడుమ నడుమ ఓటమి ఎదురయ్యేటట్లు చూసి, ఎదురైన ప్రతిసారీ అది ప్రయత్నం చాలకపోవడం వల్ల వచ్చిందే తప్ప శక్తి లేక కాదని చెప్పారు. చివరకు తిరిగి ఓటమి ఎదురైనప్పుడు మొదటి జట్టు మునుపటిలాగే కుంగిపోయింది, రెండవ జట్టు నిలదొక్కుకుంది. వరుస గెలుపులు ఇచ్చి పిల్లలను సంతోషపెడితే చాలుననుకునే మెత్తని మనసులకు ఈ ఫలితం కొంత రుచించకపోవచ్చు. ఇందులో తరచు మరుగున పడిపోయే షరతు ఒకటి ఉంది: ఆ లెక్కలు ఆ పిల్లల శక్తికి నిజంగా అందేవి. అందని లెక్క ముందు పెట్టి ‘ఇంకొంచెం కష్టపడు’ అనడం బోధన అనిపించుకోదు. అది పిల్లవాడికి అబద్ధం చెప్పడమే, పైగా అది అబద్ధమని పిల్లవాడికి తెలుస్తూనే ఉంటుంది.

అందడం, అందకపోవడం అన్న ఈ భేదాన్ని తెలుగు చదవడం నేర్చుకునే పిల్లల విషయంలో కొంత నిదానంగా పరిశీలించవలసి ఉంది, ఎందుకంటే విద్యామనోవిజ్ఞాన గ్రంథాలలో అధికభాగం ఇంగ్లీషు చదువరులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంగ్లీషు పిల్లవాడి తంటా స్పెల్లింగుతో. తెలుగు పిల్లవాడి తంటా లిపి విస్తృతితో. తెలుగు వర్ణమాలకు 56 అక్షరాలని సంప్రదాయంగా లెక్క చెప్పినా, హల్లులకు గుణింతాలు చేరేసరికి కన్ను గుర్తుపట్టవలసిన రూపాలు నాలుగు వందలు దాటుతాయి. వాటికి ఒత్తులు తోడైతే ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. తెలుగుకు తోబుట్టువైన కన్నడ లిపిని నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఇటువంటి లిపిలో అక్షరజ్ఞానం స్థిరపడడానికి ఏళ్లు పడుతుందనీ, మొదటి రెండు తరగతులతో ఆ పని ముగిసిపోదనీ చూపింది. పంతులుగారు అయిదో తరగతిలో ఒత్తు తప్పిన పిల్లను చూసి ‘ఇంకా ఇదేనా’ అని విసుక్కునేముందు ఈ సంగతి జ్ఞాపకం చేసుకోవడం మంచిది.

లిపిలోని చిక్కులు కూడా అందరూ అనుకున్నంత పైపైవి కావు. చాలా హల్లులకు తలకట్టు ఉండి ఖ, జ, ట, ణ, బ, ల వంటి కొన్నింటికి ఉండదు. అనేక అక్షరాల ఒత్తులు మూలాక్షరాన్ని పోలి ఉండి, త, న, మ, య, ర, ల వంటి బాగా వాడుకలో ఉన్నవాటి ఒత్తులకు మాత్రం ఆ పోలిక కనిపించదు. వీటన్నిటికంటే లోతైన చిక్కు అచ్చుగుర్తు ఉండే చోటు. ‘భక్తి’ అన్న మాటలోని రెండవ అక్షరంలో గుడి ‘క’ మీద ఉంటుంది, త ఒత్తు దాని పక్కన కిందుగా ఉంటుంది; పలికేటప్పుడు మాత్రం ముందు క్, తరువాత త్, ఆ తరువాతనే ఇకారం రావాలి. కంటికి ‘క’ మీద కనిపించే గుడిని నోరు ‘త’కు చేర్చి పలకాలన్నమాట. ఈ మర్మం ఎవరూ విప్పి చెప్పని పిల్లవాడు ఆ మాటను ‘భకిత’ అని చదువుతాడు. ఆ చదువులో అజాగ్రత్త లేదు. కన్ను చూసిన వరుసను నోరు నమ్మకంగా అనుసరించింది, గుణింతం నేర్పినప్పుడు బడి చెప్పిన సూత్రాన్నే అది పాటించింది. అటువంటి పిల్లవాడికి కావలసింది ‘గుడి ఎప్పుడూ చివర పలికే హల్లుకే చెందుతుంది’ అన్న ఒక్క వాక్యం, దాన్ని స్థిరపరచే పాతిక మాటల అభ్యాసం. అతనికి దొరికేది తరగతి నవ్వు. నవ్వు విన్న పిల్లవాడు మరుసటిసారి ఆ మాట దగ్గర ఆగుతాడు, ఆ తరువాత ఆ పేజీ దగ్గర ఆగుతాడు, కొన్నాళ్లకు చదవమని లేపితే నేల చూస్తూ నిలబడతాడు; అప్పటికి అతనికి ‘మొద్దు’ అన్న పేరు స్థిరపడి ఉంటుంది.

ఇంత జరుగుతున్నా బడి గమనించకపోవడానికి కారణం, రాని చదువును దాచుకునే ఏర్పాట్లు తరగతిగదిలోనే ఉండడం. ‘అందరూ చెప్పండి’ అన్న మాటతో మొదలయ్యే సామూహిక పఠనంలో పాఠం మొత్తం కంఠతా పట్టిన పిల్ల, వేలు మరో వరుస మీద పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండానే అందరితో గొంతు కలపగలదు. నల్లబల్ల మీది జవాబును ముత్యాల్లాంటి దస్తూరితో నోట్సులోకి ఎక్కించే పిల్లవాడు తాను ఎక్కించినదేమిటో చదవలేకపోవచ్చు. తనిఖీకి వచ్చిన అధికారికి ఆ నోట్సు ముచ్చటగానే ఉంటుంది. దాచుకోవడంలో ఈ పిల్లలు చూపే నేర్పును చూస్తే వారి తెలివిని శంకించడానికి అవకాశమే లేదు. కాలం గడిచినకొద్దీ మాత్రం దాచినదానికి వడ్డీ పెరుగుతుంది. చదవగలిగిన పిల్ల చదవడం వల్లనే కొత్తమాటలు నేర్చుకుని ఇంకా బాగా చదువుతుందనీ, చదవలేని పిల్ల చదవకపోవడం వల్లనే ఇంకా వెనుకబడుతుందనీ కీత్ స్టనోవిచ్ 1986లో వివరించి, ఉన్నవారికే మరింత చేకూరుతుందని చెప్పే బైబిలు సువార్త పేరిట వాడుకలోకి వచ్చిన ‘మత్తయి ప్రభావం’ అన్న పేరును దీనికి అన్వయించారు. మూడో తరగతిలో ఒత్తుల దగ్గర పుట్టిన లోటు ఏడో తరగతిలో సాంఘికశాస్త్రం లోటుగా, పదో తరగతిలో అన్ని సబ్జెక్టుల లోటుగా కనిపించడం అందువల్లనే. పరీక్షాఫలితాలు వెలువడిన వారంలో మాత్రమే పత్రికలకెక్కే విద్యార్థుల నైరాశ్యానికి వేళ్లు చాలాసార్లు అంత కిందకు, అంత చిన్న అక్షరాల దాకా పాకి ఉంటాయి.

లెక్కల సంగతీ ఇంతే. 42లో నుంచి 17 తీసివేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి ఊరి బడిలోనూ ఉంటారు. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచే రెండు తీసేసి అయిదు వేసి, నాలుగులో నుంచి ఒకటి తీసి మూడు వేశారు. ప్రతి నిలువువరుసలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసివేయాలన్న సొంత సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఇటువంటి తప్పులను వందల సంఖ్యలో పరిశీలించి, అవి గాలివాటంగా వచ్చేవి కావనీ, ఒక్కొక్క పిల్లవాడి తప్పుల వెనుక ఒక స్థిరమైన పద్ధతి ఉంటుందనీ చూపారు. ఎర్రసిరాతో అడ్డగీత కొట్టిన లెక్క పిల్లవాడికి తప్పిందని మాత్రమే చెబుతుంది, ఎక్కడ తప్పిందో చెప్పదు. ఇరవై లెక్కలకు ఇరవై అడ్డగీతలు చూసిన పిల్లవాడు తనకు లెక్కలు రావన్న నిర్ధారణకు రావడంలో ఆశ్చర్యం ఏముంది? నిజానికి అతనికి రానిది స్థానవిలువ అన్న ఒక్క భావన, అంటే నలభైలోని నాలుగు నాలుగు పదులన్న ఎరుక. పుల్లల కట్టలు ఎదుట పెట్టి, ఒక కట్ట విప్పి చూపితే తేలిపోయే పని.

ఈ స్థితి ఏ కొందరిదో కాదని గణాంకాలు చెబుతాయి. 2005 నుంచి గ్రామీణ భారతంలో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూస్తున్న ‘అసర్’ సర్వే ప్రకారం, రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన అయిదో తరగతి పిల్లలు 2018లో 50.5 శాతం, కోవిడ్ కాలపు మూసివేతల తరువాత 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. తరగతిలో సగంమందికి పైగా పాఠ్యపుస్తకం అందని చోట, వెనుకబడినవారి కోసం ప్రత్యేక శ్రద్ధ అన్న మాటకే అర్థం మారిపోతుంది. అక్కడ ప్రత్యేకంగా మిగిలేది పుస్తకం అందినవారే.

వెనుకబాటుకు కారణాలు వెతికేటప్పుడు అన్నిటికంటే మామూలు కారణం అన్నిటికంటే చివర గుర్తుకు రావడం కద్దు. బోర్డు కనిపించని పిల్లవాడికి బోర్డు కనిపించడం లేదని తెలియదు, లోకమంతా అలాగే మసకగా ఉంటుందనుకుంటాడు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటిపరీక్షల కార్యక్రమాన్ని బడిపిల్లలతోనే మొదలుపెట్టడం ఈ దృష్టితో సరైన క్రమం. కన్ను, చెవి బాగుండి, బోధన సరిగా అంది, తెలివితేటలు ఈడుకు తగ్గట్టు ఉండి కూడా చదవడం, రాయడం, లెక్కించడం వీటిలో ఏదో ఒకటి పట్టుబడని పిల్లలు కొందరుంటారు. వైద్యులు దీన్ని ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ అంటారు, చదవడానికి సంబంధించినంతవరకు ‘డిస్లెక్సియా’ అన్న పేరు 2007 నాటి ‘తారే జమీన్ పర్’ సినిమా తరువాత అందరి నోళ్లలోనూ పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఒకటి. రాసినదాన్ని రాసినట్టే పలికే తెలుగు వంటి భాషలో ఈ లోపం తప్పుచదువుగా కంటే నత్తనడక చదువుగా కనిపించే అవకాశం ఎక్కువ కాబట్టి, తప్పులు లెక్కించే పరీక్షలో అది దొరకకపోవచ్చు. అయినా అక్షరం సరిగా నేర్పని తరగతిలో ఎవరికి వైకల్యం ఉన్నదో, ఎవరికి బోధన అందలేదో విడదీయడం అసాధ్యం. ముందు నేర్పి చూసిన తరువాతనే ఆ పేరు పెట్టాలన్నది న్యాయం.

ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న అగాధం మరో కారణం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863–1940) ఆదివాసులైన సవరల భాషను కష్టపడి నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు నడిపించారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయనను తలచుకునే తెలుగువారు, పిల్లవాడి నోటిమాట బడి గుమ్మం దగ్గర ఆగిపోకూడదన్న పట్టుదలే ఆ రెండు పనులనూ కలిపే దారమని అంతగా తలచుకోరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే 8 భాషలలో ప్రాథమిక విద్య మొదలుపెట్టడం ఆ దారిలో ఆలస్యంగా పడిన అడుగు. తెలుగే ఇంటి భాష అయినవారికి కూడా అగాధం ఉండనే ఉంది: ఇంట్లో ‘ఆనపకాయ’ అనే పాప పుస్తకంలోని బొమ్మ కింద ‘సొరకాయ’ అన్న మాట చూసి తడబడితే, అది చదవలేకపోవడం కాదు, బొమ్మను నమ్మి తన మాట చెప్పడం. తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022–23 నుంచి, ఆంధ్రలో అంతకు కొద్దిగా ముందునుంచి ఇంగ్లీషు మాధ్యమం వైపు జరిగిన మళ్లింపును తల్లిదండ్రులు కోరుకున్నారనడంలో సందేహం లేదు; ఆ కోరిక వెనుక ఉన్న ఆత్మగౌరవ కాంక్షను తక్కువ చేయడం తగదు. అయితే తెలుగులో చదవడమే ఇంకా కుదరని పిల్లవాడికి ఆ మళ్లింపు రెండు బరువులను ఒకేసారి నెత్తిన పెడుతుందన్నది కూడా అంతే నిజం.

సమాజం వేసే ముద్ర సంగతి వేరు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాలలో ఆరు, ఏడు తరగతుల బాలుర చేత చిక్కుదారుల బొమ్మలలో దారి వెతికించారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రవర్ణాల పిల్లలకూ అణచివేతకు గురైన కులాల పిల్లలకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరుతోపాటు కులాన్ని కూడా అందరిముందూ చదివేసరికి రెండవవారి ఫలితం పడిపోయింది. బుర్ర అదే, బొమ్మ అదే. స్కాలర్‌షిప్ జాబితాను తరగతిలో కులాలవారీగా బిగ్గరగా చదివే అలవాటున్న బడులు ఈ ఫలితాన్ని ఒక్కసారి తలచుకోవాలి.

ఇక వాడుకలో ఉన్న చికిత్సలు. మొదటిది పొగడ్త. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనాలలో, ‘నీవు తెలివైనదానివి’ అన్న మెచ్చుకోలు విన్న పిల్లలు ఓటమి ఎదురైనప్పుడు, ‘బాగా కష్టపడ్డావు’ అన్న మెచ్చుకోలు విన్నవారికంటే త్వరగా డీలాపడ్డారు. ఈ పరిశోధన నుంచి పుట్టిన ‘ఎదిగే మనస్తత్వం’ అన్న మాట, అంటే తెలివి పెంచుకోగలిగినదేనన్న నమ్మకం, ప్రేరణ ఉపన్యాసాలకు ముడిసరుకైంది. 2019లో అమెరికాలో దాదాపు 12 వేలమంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో జరిగిన పరీక్షలో ఆ నమ్మకాన్ని కలిగించే చిన్న పాఠం వల్ల వెనుకబడినవారికి కలిగిన లాభం గ్రేడు పాయింటులో పదోవంతు. లాభమే, కానీ సభల్లో చెప్పుకునేంతది కాదు. రెండవ చికిత్స ఫెయిల్ చేయడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా దాన్ని నిషేధించింది, 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతులలో దానికి తిరిగి తలుపు తెరిచింది, 2024 డిసెంబరులో కేంద్రం తన ఆధీనంలోని బడులలో ఆ తలుపు గుండా నడిచింది. ఈ వాదులాటలో ఇరుపక్షాలూ ఒక సంగతి వదిలేస్తున్నాయి: అందని పాఠం పైతరగతికి పంపినా అందదు, అదే పుస్తకాన్ని అదే తీరులో రెండోసారి చెప్పినా అందదు. మూడవది సెక్షన్లుగా విడదీయడం, అంటే మార్కులను బట్టి ఏరి, చివరి సెక్షన్‌కు కొత్త ఉపాధ్యాయులను, పాత బెంచీలను కేటాయించడం. ఇది చికిత్స కాదు, జబ్బుకు గది కట్టించడం.

పనిచేసిన పద్ధతులు దేశంలోనే ఉన్నాయి. 2001 నుంచి 2003 వరకు ముంబయి, వడోదర నగరపాలక బడులలో ‘ప్రథమ్’ సంస్థ ‘బాలసఖి’ కార్యక్రమం నడిపింది; వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలను పదిహేను, ఇరవైమంది చొప్పున ఒక స్థానిక యువతి రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టుకుని అక్షరాలు, అంకెలు నేర్పేది. ఆ యువతులు శిక్షణ కళాశాలల్లో చదివినవారు కారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు కొలిచి చూడగా ఆ పిల్లల చదువు గణనీయంగా మెరుగుపడింది, బాగా వెనుకబడినవారికే ఎక్కువ మేలు కలిగింది. 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిసి ఆ ఇద్దరికీ అర్థశాస్త్ర నోబెల్ బహుమతి రావడానికి ఆధారమైన కృషిలో ఇటువంటి అధ్యయనాలున్నాయి. అక్కడి నుంచి ఎదిగిన పద్ధతిని ‘స్థాయికి తగిన బోధన’ అంటారు: రోజులో నిర్ణీతమైన కొంతసేపు తరగతుల గోడలు చెరిపేసి, అక్షరం దగ్గర ఉన్నవారిని ఒకచోట, మాట దగ్గర ఉన్నవారిని ఒకచోట, వాక్యం దగ్గర ఉన్నవారిని ఒకచోట కూర్చోబెట్టి, కొన్ని వారాలకొకసారి తిరిగి పరీక్షించి పై జట్టుకు పంపడం. పైన చెప్పిన సెక్షన్లకూ దీనికీ పోలిక పైపైదే. సెక్షన్ నుంచి పిల్లవాడు బయటపడడు, జట్టు నుంచి బయటపడడమే దాని పరమార్థం. కాలం కేటాయించని చోట ఇదీ విఫలమైంది. శిక్షణ, పుస్తకాలు ఇచ్చి ఊరుకున్న రాష్ట్రాలలో ఉపాధ్యాయులు సిలబస్‌కే తిరిగి వెళ్లారు. రోజుకో గంట దీనికే అని కట్టడి చేసిన హర్యానాలో హిందీ పఠనం మెరుగుపడింది.

తెలుగునేల మీద ఇంతకంటే పాత, ఇంతకంటే సాహసోపేతమైన ఉదాహరణ ఉంది. 1990ల తొలినాళ్ల నుంచి శాంతాసిన్హా నాయకత్వాన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పశువుల వెంట, పొలం పనుల్లో, వెట్టిలో ఉన్న పిల్లలను తెచ్చి, ‘బ్రిడ్జి కోర్సు’ శిబిరాలలో కొన్ని నెలలు ఉంచి, వారి ఈడుకు తగిన తరగతిలో చేర్పించింది. ఒకటో తరగతి గుమ్మం తొక్కని పన్నెండేళ్ల పిల్లను ఆరేళ్లవారి పక్కన కూర్చోబెట్టి అవమానించకుండా, పన్నెండేళ్ల బుర్రకున్న గ్రహణశక్తినే పెట్టుబడిగా వాడుకున్న పద్ధతి అది. ఆలస్యం అశక్తత కాదని చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు. తెలుగునేల బయట ఇంకా వెనక్కి వెళితే, గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్న’లోని ఉపాధ్యాయుడు నాలుగో తరగతిని చేతికి తీసుకుని పాఠాలకు బదులు కథలతో మొదలుపెట్టడం చూసి తోటివారు నవ్వుతారు, పిల్లలు వినడానికి చెవి ఒగ్గిన తరువాతనే చదువు మొదలవుతుందన్నది ఆయన పట్టుకున్న రహస్యం.

చట్టం ఈ పనికి అడ్డురాదు, పైగా ఆజ్ఞాపిస్తుంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్, ప్రతి పిల్లవాడి అభ్యసన శక్తిని అంచనా వేసి, అవసరమైనవారికి అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుని విధి అంటుంది. 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవగలగాలని 2021లో మొదలైన ‘నిపుణ్ భారత్’ లక్ష్యం పెట్టుకుంది. ఇదే దారిలో తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ మొదలైంది. పేర్లకు లోటు లేదు. ఈ కార్యక్రమాలు చాలాచోట్ల ఫారాలు నింపే పనిగా మారాయని ఉపాధ్యాయులు చెప్పుకునే బాధలో నిజం ఉంది: పిల్లవాడి స్థాయిని యాప్‌లోకి ఎక్కించడానికి పట్టే సమయం ఆ స్థాయిని పెంచడానికి మిగలడం లేదు.

తరగతిగదిలో అధికారుల అనుమతి అక్కరలేని మార్పులు కొన్ని ఉన్నాయి. దిద్దిన కాగితం మీద మార్కు వేస్తే, దానితోపాటు ఎంత మంచి సూచన రాసినా పిల్లలు మార్కునే చూస్తారనీ, మార్కు లేకుండా సూచన మాత్రమే రాసినప్పుడు ఆసక్తి నిలుస్తుందనీ ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో చూపారు. నెలకో స్లిప్ టెస్టుకైనా మార్కు మాని ‘గుడి చివరి హల్లుకు కలుపు’ అని రాసి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. గట్టిగా చదివించేముందు ఆ పేరా ఏదో పిల్లకు ముందురోజే చెప్పి ఉంచడం, చిన్నపిల్లలకు చదివి వినిపించే బాధ్యతను వెనుకబడిన పెద్దపిల్లకు అప్పగించడం, మొన్న చదవలేని పేజీని ఇవాళ చదివించి ఆ తేడాను పిల్లకే చూపడం, ఇవన్నీ ‘ఇది నా అదుపులో ఉంది’ అన్న ఎరుకను నేర్పే పాఠాలే. ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా తక్కువ, ఇంకా తేలిక: అక్క మార్కులతో, మేనమామ కొడుకు ర్యాంకుతో పోలిక మానుకోవడం, చదువురాని తల్లి అయినా సరే రోజూ కాసేపు పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని వినడం. వినేవారికి చదువు రానక్కరలేదు; చదువుతున్నవారికి వినేవారు కావాలి.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు మూడో తరగతి ఉపాధ్యాయుని ముందు 30 మంది పిల్లలు ఉంటారనుకుంటే, ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిన్న పేజీ చదివించి, ఎక్కడ ఆగారో గుర్తు రాసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. మొత్తం రెండున్నర గంటలు, ఒక పూట కంటే తక్కువ. పాఠ్యపుస్తకంలో మొదటి పాఠం మొదలుపెట్టకముందే ఆ పూటను కేటాయించవలసిందిగా ప్రధానోపాధ్యాయులకు, ఆ పూట మరే నివేదికా అడగకుండా ఉండవలసిందిగా మండల విద్యాధికారులకు విన్నపం.